ఆపుకుంటూ పోయిన దారి: అనంతపురం నుంచి ఒంటిమిట్ట దాకా నాలుగు రోజులు

సోమవారం రాత్రి ఇల్లు చేరాం. ఈరోజు గురువారం. కారు డిక్కీలో తాడిపత్రి బండల దుమ్ము అలాగే ఉంది. పెద్దమ్మ మూటగట్టి ఇచ్చిన గోంగూర సగం పచ్చడయింది, సగం ఫ్రిజ్‌లో ఉంది. మరిచిపోకముందే రాసిపెట్టుకుందామని కూర్చున్నాను.

మొత్తం తిరిగింది దాదాపు 550 కిలోమీటర్లు. అన్నీ మా సీమలోని ఊళ్లే. చాలామంది దీన్ని యాత్ర అని కూడా అనరు. నాకు మాత్రం నాలుగేళ్ల తర్వాత మా ఊరు దాటి నిద్రపోయిన రాత్రులివి.

నా భయం 2021 నవంబరులో కర్నూలు పోయే బస్సులో మొదలైంది. గుత్తి దాటాక ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. ఊపిరి అందలేదు. చేతివేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోయాయి. ప్రాణం పోతోందనే అనుకున్నాను. బస్సు ఆపమంటే డోన్‌లోనే ఆపుతామన్నారు. వెనక సీట్లో ఎవరో నవ్వారు. డోన్ వచ్చేదాకా ఆ ముప్పావుగంట ఎలా గడిచిందో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత మళ్లీ బస్సెక్కలేదు. మెల్లగా రైలు పోయింది, షేర్ ఆటో పోయింది, పెళ్లిళ్లు పోయాయి, బ్యాంకులో క్యూ కూడా పోయింది. స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేసి, ఇంట్లోనే కూర్చుని షాపుల జీఎస్టీ లెక్కలు చూసుకోవడం మొదలుపెట్టాను.

గుండెకు చేయించిన పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. 2023లో ఒక రాత్రి భరించలేక 14416కు ఫోన్ చేశాను. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ లైను. తెలుగులోనే మాట్లాడారు, తొందరపెట్టలేదు. వాళ్లు ధైర్యం చెప్పాకే మానసిక వైద్యురాలి దగ్గరికి పోయాను. పానిక్ డిజార్డర్, దాని వెంట వచ్చిన అగోరాఫోబియా అని ఆమె చెప్పింది. కావాలనుకున్న క్షణాన బయటపడలేని చోటంటే భయపడటం. బస్సు, గుంపు, క్యూ, మూసుకున్న గది, ఒంటరిగా ఇల్లు దాటడం, ఇవన్నీ ఆ భయానికి వేర్వేరు తలుపులు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా భయం ఉన్న చోటికే పోయి నిలబడటం ఆమె నేర్పించింది.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. మా వీధి ఆడవాళ్లు తాడిపత్రికి, ధర్మవరానికి, పుట్టింటికి సంబరంగా పోయొస్తుంటే గేటు దగ్గర నిలబడి చూశాను. టికెట్ డబ్బులు ఏనాడూ నాకు అడ్డం కాలేదు.

నాకు దారి చూపించింది కారు. 2025 జనవరిలో 1,95,000 పెట్టి పాత వ్యాగన్ ఆర్ కొన్నాను. దానికి ముందు ఏడాది పొడవునా డ్రైవింగ్ నేర్చుకున్నాను. డాక్టరమ్మ రెండు షరతులు పెట్టింది. మత్తు వచ్చే మాత్ర వేసుకున్న రోజు స్టీరింగ్ ముట్టుకోకూడదు. దడ మొదలైతే నడుపుతూ ఓర్చుకోకూడదు, పక్కకు తీసి ఆపాలి. ఆపాక మాత్రం వెంటనే ఇంటికి తిప్పకూడదు, దడ దిగేదాకా అక్కడే ఉండి, దిగాకే ఎటు పోవాలో తేల్చుకోవాలి. మూడోమాట కూడా అంది కానీ అది షరతు కాదు. "కారు నీకు ఊతకర్ర. దాన్నే ఇల్లు చేసుకోవద్దు." ఆ మాట నాలుగు రోజులూ నాతోనే తిరిగింది.

ఈ ప్రయాణందాకా నేను ఒకేసారి నడిపిన దూరం ముప్పై కిలోమీటర్లు మించలేదు. ఒంటిమిట్ట రాముడికి అమ్మ ఎప్పుడో మొక్కుకుంది. కడపలో పెద్దమ్మ ఉంది. 2023లో పెదనాన్న పోయినప్పుడు నేను పోలేకపోయాను. నన్ను ఒక్కదాన్నే వదల్లేక అమ్మ కూడా దినాలకు పోలేదు. సొంత బావ దినాలకు పోని అమ్మను బంధువులు ఏమన్నారో నాకు తెలుసు. అమ్మ మాత్రం ఒక్కమాట కూడా నా దాకా రానివ్వలేదు.

డిసెంబరు 5, శుక్రవారం: తాడిపత్రి, బెలుం

తెల్లారి ఆరింటికి బయలుదేరాం. అమ్మ ఒళ్లో సంచి, సంచిలో ఖర్చులు రాసే చిన్న పుస్తకం. ఊరు దాటగానే గొంతు ఎండిపోయింది. "నిలిపెయ్ పాపా, మనకేం తొందర" అంది అమ్మ. ఆపాను. రెండు గుక్కల నీళ్లు తాగి మళ్లీ పోనిచ్చాను. తాడిపత్రి చేరేలోపల అలా నాలుగుసార్లు ఆపాను. అమ్మ ఆ పుస్తకం చివరి పేజీలో ఒక్కోదానికి ఒక్కో గీత గీస్తోందని సాయంత్రందాకా నాకు తెలియదు.

తాడిపత్రిలో రోడ్డు పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. నానబెట్టి పిండిన బొరుగులు, పైన పుట్నాల పొడి, బజ్జి లోపల కారం చురుక్కుమనేంత. ఇద్దరికీ 90 రూపాయలు. గదిలో జనం నిండుగా ఉన్నారు, తలుపు పక్క బల్ల కూడా ఖాళీ లేదు. హోటలాయన నా మొహం చూసి ఏమనుకున్నాడో, బయట కారు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలు వేయించి ప్లేట్లు అక్కడికే పంపించాడు. "ఈడ గాలొస్తాది, తినండిమా." మా వైపు మనుషుల మర్యాద ఇలాగే ఉంటుంది, కారణం అడగరు.

బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పెన్న ఒడ్డున ఉంది. పెమ్మసాని నాయకుల కాలం నాటిది. పైభాగం కట్టకుండానే ఆగిపోయిన గోపురాలు, వాటి రాతిగోడల మీద వేలెడంత చోటు కూడా వదలకుండా చెక్కిన శిల్పాలు. లింగం దగ్గర నీటిబుగ్గ ఊరుతూ ఉంటుంది. ఉదయం కాబట్టి మేము, పూజారి, ఇద్దరు పిల్లలు, అంతే. బాగా చూశాం.

గుడి నుంచి బెలుం దారి పట్టబోయి తప్పాను. ఫోన్‌లో మ్యాప్ చెప్పినట్టు తిప్పితే బండలు పాలిష్ పట్టే షెడ్ల మధ్యకు పోయాం. రెండు పక్కలా నిలబెట్టిన నాపరాళ్లు, కోత మిషన్ల రొద, రోడ్డంతా తెల్లటి బురద, ఎదురుగా బండలెత్తిన లారీ. ఇంతకుముందైతే దారి తప్పడమంటే నాకు ప్రాణం పోయినట్టే. ఆరోజు ఏం కాలేదు. దుమ్ముతో కనుబొమలు కూడా తెల్లబడిన ఒక కుర్రాడు వచ్చి, "రివర్స్ రా అక్కా, నేను చూస్తా" అని చేతులతో సైగ చేస్తూ నన్ను మెయిన్ రోడ్డుదాకా వెనక్కి తీసుకొచ్చాడు. స్టీరింగ్ నా చేతిలో ఉంది, వెనక్కి పోవాలంటే పోతాను. తప్పు దారి అంత మామూలు విషయమని ఎన్నేళ్లకో అనిపించింది.

తాడిపత్రి నుంచి బెలుం ముప్పై కిలోమీటర్లు. అక్కడికే ఎందుకు పోవాలని అమ్మ అడిగింది. డాక్టరమ్మ చెప్పలేదు, నేనే అనుకున్నాను. కారు రాలేని చోటు ఒక్కటైనా ఈ ప్రయాణంలో ఉండాలని.

బెలుం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, దాదాపు వందేళ్ల తర్వాత 1982, 83లో జర్మన్ గుహా పరిశోధకుడు గెబావర్ బృందం లోపల కొలిచింది. చదునైన చేల మధ్య నేలలో ఒక పెద్ద గుంత, అందులోకి మెట్లు. దిగుతుంటేనే వెచ్చటి తేమ మొహానికి తగులుతుంది. పైనుంచి గాలి పంపే గొట్టాలు పెట్టారు, వాటి కింద నిలబడితే కొంచెం హాయి.

మెట్ల మీదే ఆగిపోయాను. కారు తాళం పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. కింద నిలబడ్డ గైడుకు యాభై ఏళ్లుంటాయి. "లోపలికి పోయాక నాకు బయటికి రావాలనిపిస్తే ఎంతసేపు పడుతుందన్నా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "ఎంత లోపలికి పోతే అంతసేపు. నువ్వు చాలు అంటే ఆడ్నుంచే తిరుగుదాం మా. నేనే పైకి తెచ్చి వదుల్తా. ఎవర్నీ అడగాల్సిన పనిల్యా."

నాలుగేళ్ల కింద ఆ బస్సులో నాకు కావలసింది ఈ ఒక్క మాటే.

మొదటి వంద అడుగులు ఆయన చొక్కా వీపునే చూస్తూ నడిచాను. తర్వాత తల ఎత్తాను. సున్నపురాయిని లక్షల ఏళ్లు నీళ్లు తొలిచిన మెత్తటి వంపులు, పసుపు లైట్లలో తేనె రంగు. సింహద్వారం దాకా పోయాం. పైనుంచి దిగిన రాయి సింహం తలలాగా కమాను కట్టి ఉంటుంది. అక్కడ "చాలన్నా" అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా తిరిగాడు. పాతాళగంగ చూడలేదు. అమ్మకు చూడాలని ఉండేదేమో, అడిగితే మోకాళ్లు నొప్పి అంది.

గుహలో రాని దడ, రెండు గంటల తర్వాత బయట రోడ్డు మీద వచ్చింది. కొలిమిగుండ్ల దాటి జమ్మలమడుగు వైపు పోతున్నాం. ముందు బండల లారీ, రోడ్డు సన్నం, ఓవర్‌టేక్ చేయలేను. ఏ కారణమూ లేదు. కడుపులోంచి వేడి పైకి లేచింది, చెవుల్లో గుయ్యిమంది, వేళ్ల కొసలు తిమ్మిరెక్కాయి. ఎడమ ఇండికేటర్ వేశాను. యాభై గజాల్లో ఒక వేపచెట్టు, దాని కింద మట్టి నేల. దించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజన్ ఆపి, అద్దాలు దించి, సీటు వెనక్కి వాల్చాను. అమ్మ ఏమీ అనలేదు. నీళ్ల సీసా మూత తీసి నా ఒళ్లో పెట్టింది. గడియారం 2:41. గబగబా ఊపిరి పీల్చడం వల్లే వేళ్లు తిమ్మిరెక్కుతాయని నాకు తెలుసు. ఊపిరి మెల్లగా వదిలితే వేళ్లే ముందు తేరుకుంటాయి. అందుకని నేను గుండెను చూడను, వేళ్లను చూస్తాను. 2:48కి కుడిచేతి చిటికెనవేలు నాదయింది. తర్వాత మిగతావి.

అంతలో గొర్రెలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. "ఏంమా, బండి నిల్చిపోయిందా?" "లేదు తాతా, పాపకు కొంచెం బాగలేదు" అంది అమ్మ. ఆయన దగ్గరికి రాలేదు, ఏమైందని అడగలేదు. పది అడుగుల దూరంలో గొంతుక్కూర్చుని బీడీ తీసి, ముట్టించకుండా చేతిలోనే పెట్టుకున్నాడు. గొర్రెలు చెట్టు కింద చేరాయి. మేము బయలుదేరేదాకా అలాగే కూర్చుని, కారు కదిలాకే లేచాడు. అద్దంలో చూశాను, అప్పుడు ముట్టించాడు.

మూడు దాటి అయిదు నిమిషాలకు తిరిగి రోడ్డెక్కాం. ఇల్లు వెనక ఉంది, గండికోట ముందుంది. డాక్టరమ్మ చెప్పినట్టే దడ దిగాక ఆలోచించాను. ముందుకే పోనిచ్చాను.

గండికోట, అదే సాయంత్రం, మర్నాడు పొద్దున

ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారే చోటు గండికోట. ఎర్ర రాళ్లు దొంతర్లు దొంతర్లుగా నిలబడి, అట్టడుగున నీళ్లు. చాలాచోట్ల అంచుకు కంచె లేదు. అంచు దగ్గరి బండ మీద కాళ్లు ముడుచుకుని గంటసేపు కూర్చున్నాను. అమ్మకు భయమేసి నా చున్నీ పట్టుకుని కూర్చుంది. "ఈడ కూర్చోగల్తావు, బస్సులో కూర్చోలేవా పాపా?" అని అడిగింది. నాలుగేళ్లలో అమ్మ సూటిగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఇక్కడి నుంచి లేచి పోవాలంటే పోతాను కదమ్మా" అన్నాను. అమ్మ చాలాసేపు లోయనే చూస్తూ ఉండిపోయింది. "అంతేనా" అంది తర్వాత. అంతేనమ్మా. లోతు కాదు, చీకటి కాదు, దూరం కాదు. లేచి పోవడానికి ఇంకొకరి అనుమతి కావాల్సిన చోటు ఏదైనా, నాకు అదే ఇరుకు. కారులో ఉన్నప్పుడు ఆపగలనని ఒంటికి తెలుసు, అందుకే చాలాసార్లు ఆపాల్సిన పని పడదు. నాలుగేళ్లు ఒక్క ఇంట్లో ఉండి కూడా ఈ సంగతి అమ్మకు చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు.

ముందురోజే పౌర్ణమి వెళ్లింది. పొద్దు గూకిన కాసేపటికే చంద్రుడు లేచాడు. ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముతున్న ఆమె దగ్గర 30 రూపాయలవి కొని, ఇద్దరం వొలుచుకు తింటూ చూశాం. ఆ రాత్రి గది కిటికీలోంచి కారు కనబడుతోంది. నిద్ర పట్టింది.

శనివారం పొద్దున్నే కోటలో తిరిగాం. మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. మసీదు మెట్ల మీద కూర్చుని చూస్తే గుడి గోపురం కనిపిస్తుంది. కోటలో ఇప్పటికీ ఊరుంది, గేదెలు తోలుకుపోయే దారిలోనే టూరిస్టులు నడుస్తుంటారు. ఇంకా చాలా చూడొచ్చు కానీ అమ్మ మనసంతా కడపలో ఉంది.

డిసెంబరు 6, 7: కడప, ఒంటిమిట్ట

ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా పోయాం. ఆ రోడ్డు గురించి చెప్పడానికి సిమెంటు లారీలు తప్ప ఏమీ లేవు. కడపలో ఏడురోడ్ల కూడలి దగ్గర మాత్రం చెమటలు పట్టాయి. ఎటు నుంచి ఎవరొస్తారో తెలియదు, వెనక హారన్లు, పక్కకు తీయడానికి జానెడు చోటు లేదు. కారు ఉన్నా ఆపలేని చోట్లు ఉంటాయి. అది కూడా రాయాలి. సిగ్నల్ దాటి ఒక మందుల షాపు ముందు ఆపుకున్నాను. అమ్మ పుస్తకంలో ఇంకో గీత.

పెద్దమ్మ ఇల్లు చిన్నచౌకు దగ్గర ఒక సందులో. సందు మొదట్లోనే ఎదురింటి వాళ్ల తోపుడుబండి అడ్డంగా ఉండటంతో కారు మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడిచాం. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఇంత సన్నబడిందా అనిపించింది. నేను ఏదో చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. పెదనాన్నకు రాలేకపోయినందుకు, అమ్మను రానివ్వనందుకు. నోరు తెరవకముందే నా మోచేయి పట్టుకుని లోపలికి నడిపించింది. "ఎండన పడి వస్తిరి, ముందు కాళ్లు కడుక్కోపో." నడుస్తూనే పెదనాన్న ఫోటో ముందు ఆగింది. నేను దండం పెట్టుకునేదాకా మోచేయి వదలలేదు. అమ్మ వెనకే నిలబడి ఏడ్చింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఆ రాత్రి ఎప్పటిదాకా మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

తెలియకపోవడం కాదు, నేనూ మేలుకునే ఉన్నాను. కారు దూరంగా ఉంది, సందులో చీకటి, ఇల్లు కొత్త. రాత్రి రెండుసార్లు లేచి తలుపు తీసి సందు చివరిదాకా పోయి కారును చూసి వచ్చాను. రెండోసారి తిరిగొచ్చేసరికి పెద్దమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. ఏమీ అడగలేదు.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి బయట గోల. చూస్తే పెద్దమ్మ ఎదురింటాయన చేత తోపుడుబండి జరిపిస్తోంది. ఇంకో ఇంటివాళ్ల బైకులు రెండు అప్పటికే గోడకు చేర్చి పెట్టి ఉన్నాయి. "పాపా, పోయి బండి తెచ్చి ఈ అరుగు ముందర పెట్టుకో. కిటికీలోంచి కనపడతాది." డెబ్బై రెండేళ్ల మనిషి. పానిక్ అనే మాట జన్మలో విని ఉండదు. ఆ రాత్రి నేను ఏడు గంటలు నిద్రపోయాను.

కడపలో కారం దోశ తినకుండా రాకూడదు. పెనం మీద దోశ దళసరిగా పోసి, ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి కాలుస్తారు. పక్కన బొంబాయి చట్నీ. దోశ 60 రూపాయలు, నెయ్యి ఎక్కువ వేయమంటే 70. పెద్దమ్మకు పార్సిల్ తెస్తే, ఇంట్లో చేసినట్టు లేదంది. మొత్తం తినింది.

ఒంటిమిట్ట కడపకు ఇరవై అయిదు కిలోమీటర్లు. ఈసారి కారులో ముగ్గురం. పెద్దమ్మ వెనక సీటు మధ్యలో కూర్చుని ముందు సీట్లు రెండూ పట్టుకుంది. కోదండరామస్వామి గుడి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. పదిహేడో శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే దీన్ని మెచ్చుకుంటూ రాశాడు. సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. ఇక్కడ రాములవారి కల్యాణం రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని ఈ గుడిని బాగుచేయించారని మా అవ్వ చెప్పేది. మిగతా విశేషాలకన్నా నాకు ఇష్టమైన సంగతి ఇదే.

దర్శనం క్యూ ఇనుప కడ్డీల మధ్య. ముందు నలభై మంది ఉంటారు. సగం దూరం పోయాక నావల్ల కాలేదు. వెనకవాళ్లను తప్పించుకుంటూ బయటికి వచ్చేశాను. కారులో పోయి కూర్చున్నాను, తలుపు తెరిచే పెట్టాను. ఇరవై నిమిషాలు. ఇంటికి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది, తాళం కూడా పెట్టాను. ఊతకర్ర, ఇల్లు, ఆ మాటలు గుర్తొచ్చాయి. తాళం తీసి దిగాను. అమ్మా పెద్దమ్మా క్యూలోకి పోకుండా గోపురం నీడలో నాకోసమే నిలబడి ఉన్నారు. రెండోసారి క్యూలో పదిహేను నిమిషాలు పట్టింది. హారతి పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు అమ్మ దేవుణ్ణి చూడటం లేదు, నన్నే చూస్తోంది.

రాత్రి పెద్దమ్మ రాగిసంగటి, నాటుకోడి పులుసు చేసింది. సంగటి ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి పోసి, చుట్టూ పులుసు. దాని గురించి రాయడం కన్నా తినడమే మేలు.

డిసెంబరు 8, సోమవారం: పులివెందుల, కదిరి, ఇల్లు

వేంపల్లె, పులివెందుల మీదుగా కదిరి. చీనీ తోటలు, మధ్యమధ్య బీడు నేల, గుండ్రాళ్ల గుట్టలు. పులివెందుల దాటాక రోడ్డు పక్కన చీనీకాయలు డజను 80 చెప్పాడు, అమ్మ 60కి తెచ్చింది. ఈ దారిలో రెండుసార్లే ఆపాను, రెండోది చీనీకాయల కోసం.

కదిరికి ఇరవై అయిదు కిలోమీటర్లలో తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది, అయిదెకరాలు దాటి పరుచుకున్న ఒకే చెట్టు. మొదటి మాను ఏదో కనిపెట్టడం కష్టం, ఊడలే మానులై నిలబడ్డాయి. లోపలికి నడిస్తే ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది, అంతే.

డాక్టరమ్మ ఇచ్చిన పని ఒకటి మిగిలింది. పది నిమిషాలు తాళం నా దగ్గర లేకుండా ఉండాలి. అమ్మకు ఇచ్చాను. "నీళ్లసీసా కారులో ఉంది, తెస్తావా?" అమ్మకు సంగతి తెలుసు. తాళం కొంగుకు ముడేసుకుని పోయింది. నేను ఒక ఊడకు ఆనుకుని కూర్చున్నాను. దడ వచ్చింది. పోలేదు, అలాగని పెరగనూ లేదు. ఊడ బెరడు మీద ఎర్రచీమలు బారుగా పోతున్నాయి, వాటిని చూస్తూ ఉన్నాను. అమ్మ చాలా మెల్లగా నడిచి వచ్చింది. మోకాళ్ల నొప్పి వల్లో, నాకోసమో నేను అడగలేదు.

పెట్రోలు మొత్తం 3,400 అయింది. అమ్మ పుస్తకంలో ఖర్చుల పక్కన ఆ గీతలు కూడా ఉన్నాయి. మొదటిరోజు తొమ్మిది, రెండోరోజు నాలుగు, మూడోరోజు అయిదు, చివరిరోజు రెండు. అందరూ కారు కొనలేరని నాకు తెలుసు. నా స్నేహితురాలు ఒకామె తెలిసిన ఆటో ఆయన్ను మాట్లాడుకుంది. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలి, ఎందుకని అడగకూడదు అన్నదే ఒప్పందం. ఆమె ఇప్పుడు ధర్మవరం దాకా పోయొస్తోంది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, ధైర్యం చెప్పేముందు ఆ ఒక్కమాట ఇవ్వండి, చాలు అన్నప్పుడు ఆపుతామని.

ఇంటి ముందు ఆగేసరికి ఏడున్నర. నేను డిక్కీలోంచి సంచులు దించుతున్నాను. పక్కింటి అత్త గేటు దగ్గరికి వచ్చి అమ్మను పలకరించింది. "ఏం వదినా, నాలుగు దినాలు తాళమేసింటిరి. కడపకు పోయింటిరంటనే, ఏ బస్సుకు వస్తిరి?"

"బస్సెందుకు వదినా," అంది అమ్మ, చీనీకాయల సంచి ఆమె చేతికిస్తూ. "మా పాపే తోలుకొనొచ్చె."